అయానిక్ లిక్విడ్‌ను ఐదుసార్లు వాడితే గ్రీన్ అయిపోతుందా?

ప్రశ్న సారాంశం ఇది. బెంజాల్డిహైడ్, మలోనోనైట్రైల్ కలిపి క్నోవెనాగెల్ కండెన్సేషన్ (రెండు అణువులు నీటిని వదిలి ఒకటయ్యే రియాక్షన్) చేస్తున్నారు. సాల్వెంట్ బ్యూటైల్‌మిథైల్‌ఇమిడజోలియం టెట్రాఫ్లోరోబొరేట్ (ఇకపై బీమిమ్ బీఎఫ్4 అంటాను) అనే అయానిక్ లిక్విడ్, అంటే 100 డిగ్రీల లోపే ద్రవంగా ఉండే ఉప్పు. కేటలిస్ట్ కొద్దిగా పైపెరిడీన్. ప్రోడక్ట్‌ను ఈథర్‌తో తీసేసి, మిగిలిన లిక్విడ్‌ను వాక్యూమ్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుతున్నారు. ఐదు సైకిళ్లలో యీల్డ్ 95 శాతం నుంచి 91కి దిగింది. దీన్ని గ్రీన్ సింథసిస్ అని రాసుకోవచ్చా, ఇంతకన్నా మంచి అయానిక్ లిక్విడ్ ఉందా, రీసైక్లింగ్ సరిగ్గా ఎలా చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఇప్పుడున్న పద్ధతికి గ్రీన్ అనే పేరు పెట్టడం కష్టం. తప్పు అయానిక్ లిక్విడ్‌ది కాదు, ఈథర్‌ది. "రీసైకిల్ అవుతుంది" అన్నది లిక్విడ్‌కి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ప్రోడక్ట్ దాంట్లోంచి ఎలా బయటికి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ముందు బయటికి వచ్చే దారి చూసుకోవాలి, ఆ దారికి తట్టుకునే లిక్విడ్‌ను తర్వాత ఎంచుకోవాలి. చాలామంది కేటలాగ్ తెరిచి ముందు లిక్విడ్ కొనేస్తారు, వర్కప్ (రియాక్షన్ అయ్యాక ప్రోడక్ట్‌ను వేరుచేసే పని) గురించి తర్వాత ఆలోచిస్తారు. అక్కడే లెక్క తిరగబడుతుంది.

లెక్క వేసి చూద్దాం. మీరు పరిమాణాలు రాయలేదు కాబట్టి ల్యాబ్‌లో మామూలుగా తీసుకునే స్కేల్ అనుకుందాం: 10 మిల్లీమోల్. బెంజాల్డిహైడ్ 1.06 గ్రాములు, మలోనోనైట్రైల్ 0.66 గ్రాములు. మొత్తం మారిపోతే 1.54 గ్రాముల బెంజైలిడీన్ మలోనోనైట్రైల్ రావాలి, 95 శాతం అంటే 1.46 గ్రాములు. ఈ రియాక్షన్‌లో పోయేది ఒక్క నీటి అణువే, అటామ్ ఎకానమీ (వేసిన పదార్థాల బరువులో ప్రోడక్ట్‌లోకి చేరే వాటా) దాదాపు 90 శాతం. అంటే రియాక్షన్ పుట్టుకతోనే శుభ్రమైనది. ఇప్పుడు అయానిక్ లిక్విడ్ 2 మిల్లీలీటర్లు, అంటే సుమారు 2.4 గ్రాములు తీసుకున్నారనుకుందాం. ప్రతి సైకిల్‌లో 95 శాతం తిరిగి వస్తే పోయేది 0.12 గ్రాములు. ప్రోడక్ట్ గ్రాముకి 0.08 గ్రాముల నష్టం, పట్టించుకోనక్కర్లేనంత.

ఇక ఈథర్. 15 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు అంటే 45 మిల్లీలీటర్లు, 32 గ్రాములు. ప్రోడక్ట్ గ్రాముకి దాదాపు 22 గ్రాముల ఈథర్! రోటావాపర్‌లో 80 శాతం పట్టుకున్నా, మిగిలిన 6.4 గ్రాములు గాలిలోకో వేస్ట్ డబ్బాలోకో పోతాయి. గ్రాముకి 4.4. అంటే అయానిక్ లిక్విడ్ నష్టం కంటే ఈథర్ నష్టం యాభై రెట్లకు పైనే. రోజర్ షెల్డన్ 1992లో ప్రవేశపెట్టిన ఈ-ఫ్యాక్టర్ ఇదే, కిలో ప్రోడక్ట్‌కి ఎన్ని కిలోల వ్యర్థం అని. ఆయన లెక్కలో ఫార్మా రంగానిది 25 నుంచి 100, ఒక్కోసారి ఆ పైన. అందులో పెద్ద వాటా సాల్వెంట్లదే. ఎగిరిపోయే సాల్వెంట్‌ను తప్పించడానికని అయానిక్ లిక్విడ్ తెచ్చి, ప్రోడక్ట్‌ను తీయడానికి అతి తేలిగ్గా ఎగిరిపోయే సాల్వెంట్లలో ఒకదాన్ని అంతకు ఇరవై రెట్లు వాడితే ఏం సాధించినట్టు? రివ్యూయర్ చేతికి ఈ లెక్క చిక్కితే మీ టైటిల్‌లో "గ్రీన్" నిలవదు.

ఇంతకీ ఈ లిక్విడ్లకు గ్రీన్ అన్న పేరు ఎందుకొచ్చిందో గుర్తు చేసుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. 12 డిగ్రీల దగ్గరే కరిగే ఇథైల్అమ్మోనియం నైట్రేట్ గురించి పాల్ వాల్డెన్ 1914లోనే రాశాడు. తర్వాత చాలాకాలం క్లోరోఅల్యూమినేట్ల (అల్యూమినియం క్లోరైడ్‌తో చేసే అయానిక్ లిక్విడ్ల) మీద పని జరిగింది, కానీ అవి తేమ తగిలితే చాలు చెడిపోతాయి. 1992లో విల్క్స్, జవరోట్కో గాలికీ నీటికీ తట్టుకునే ఇమిడజోలియం ఉప్పులు చేసి చూపించాక ఆర్గానిక్ కెమిస్టుల చూపు ఇటు మళ్లింది. వీటికి ఆవిరి పీడనం లేదన్నంత తక్కువ. వాసన రాదు, ఎగిరిపోదు, మామూలుగా మంట అంటుకోదు. అందుకని గ్రీన్ అన్నారు. (పూర్తిగా ఎగరవని కూడా అనలేం. కొన్నిటిని అతి తక్కువ పీడనంలో 200–300 డిగ్రీల దగ్గర డిస్టిల్ చేయొచ్చని 2006లో చూపించారు. మన ల్యాబ్ పనికి అది అక్కరకు రాదు.)

అసలు చిక్కు ఆ మంచి గుణంలోనే ఉంది. ఎగరదు కాబట్టి డిస్టిల్ చేసి శుభ్రం చేయలేం. ఎసిటోన్ మురికైతే డిస్టిలేషన్‌కి పెడితే సరిపోతుంది. అయానిక్ లిక్విడ్ మురికైతే ఆ మురికి అందులోనే ఉండిపోతుంది, ప్రతి సైకిల్‌కీ పేరుకుంటూ పోతుంది. ఎగిరిపోగలిగేవి మాత్రమే వాక్యూమ్‌లో పోతాయి. ఉప్పులు, తారు, లోహపు ముక్కలు కదలవు.

మీ సిస్టమ్‌లో ఏం పేరుకుంటోందో ఊహించడం కష్టం కాదు. బెంజాల్డిహైడ్ గాలి తగిలితే బెంజోయిక్ ఆసిడ్ అవుతుంది, పాత సీసా మూత చుట్టూ కనిపించే తెల్లటి పొడి అదే. ఆ ఆసిడ్ పైపెరిడీన్‌తో ఉప్పుగా మారుతుంది. ఉప్పు ఈథర్‌లోకి రాదు, అయానిక్ లిక్విడ్‌లోనే సుఖంగా ఉంటుంది. ఇక మిగిలిన పైపెరిడీన్‌లో కొంత ఈథర్‌తో పోతుంది, కొంత వాక్యూమ్‌లో పోతుంది. మొత్తానికి ప్రతి సైకిల్‌కీ మీ కేటలిస్ట్ తగ్గుతోంది. 95 నుంచి 91కి దిగడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. రెండు పనులు చేయండి: బెంజాల్డిహైడ్‌ను వాడే ముందు బైకార్బొనేట్ నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వాక్యూమ్‌లో డిస్టిల్ చేసి తీసుకోండి. ఆరో సైకిల్‌లో పైపెరిడీన్ కొత్తగా వేసి చూడండి. యీల్డ్ తిరిగి లేస్తే దోషం లిక్విడ్‌ది కాదని తేలిపోతుంది.

ఇక్కడే ఇంకో మాట. ఐదు సైకిళ్ల యీల్డ్ బార్ గ్రాఫ్ ప్రతి పేపర్‌లోనూ ఉంటుంది, దాని మీద నాకు నమ్మకం తక్కువ. రియాక్షన్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంటే, మీరు రెండు గంటలు ఉంచి యీల్డ్ తీస్తుంటే, కేటలిస్ట్ సగం చచ్చిపోయినా బార్ ఎత్తు మారదు. సైకిల్ సైకిల్‌కీ తేడా తెలియాలంటే రియాక్షన్ మధ్యలో, కన్వర్షన్ 30–40 శాతం ఉన్న చోట శాంపిల్ తీయాలి. మొదటి సైకిల్‌లో ఆ పాయింట్ ఎన్ని నిమిషాలకు వస్తుందో చూసుకుని, ప్రతి సైకిల్‌లోనూ అదే నిమిషానికి ఒక చుక్క తీసి ఎన్ఎంఆర్ (అణువులో ఏ హైడ్రోజన్ ఎంత ఉందో సిగ్నల్స్‌గా చూపే పరీక్ష) చూడండి. క్లోరోఫాం-డిలో ఆల్డిహైడ్ ప్రోటాన్ 10.0 పీపీఎం దగ్గర, ప్రోడక్ట్ వినైల్ ప్రోటాన్ 7.8 దగ్గర వస్తాయి. రెండింటి ఇంటెగ్రేషన్ పోల్చుకుంటే చాలు. ఈ ఒక్క డేటా ఐదు బార్ల గ్రాఫ్ కంటే విలువైనది.

తూకం విషయంలోనూ జాగ్రత్త. 2.4 గ్రాములు వేస్తే 2.4 గ్రాములు తిరిగొచ్చిందని సంతోషపడకండి. అందులో నీళ్లు, మిగిలిపోయిన ఈథర్, బయటికి రాని ప్రోడక్ట్ కలిసి ఉండొచ్చు. బీమిమ్ బీఎఫ్4 గాలిలోంచే తేమ పీల్చుకుంటుంది. తేమ ఎక్కితే చిక్కదనం బాగా తగ్గుతుంది, స్టిర్రర్ హాయిగా తిరుగుతుంది, రియాక్షన్ ముందుకన్నా వేగంగా జరిగినట్టు కూడా అనిపిస్తుంది. పొడి బీమిమ్ బీఎఫ్4 చిక్కదనం గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 100 సెంటీపాయిజ్, నీటికి వంద రెట్లు. అదే కేటయాన్‌తో (ప్లస్ చార్జి ఉన్న భాగంతో) హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ఇంకా ఘోరం, 270 దాకా పోతుంది, చలికాలపు తేనెలాగా మాగ్నెటిక్ బార్‌ను పట్టేసుకుంటుంది. కాబట్టి ప్రతి సైకిల్ తర్వాత మంచి వాక్యూమ్‌లో 60–70 డిగ్రీల దగ్గర స్టిర్ చేస్తూ కొన్ని గంటలు ఉంచి, కార్ల్ ఫిషర్ టెస్ట్‌లో నీటి శాతం చూసి, ఆ తర్వాతే తూకం వేయండి. స్టిర్ చేయకుండా ఊరికే వాక్యూమ్ పెడితే పై పొర మాత్రమే ఆరుతుంది. అడుగున బుడగలు చిక్కుకుని ఉంటాయి.

రికవరీ శాతం చిన్న అంకె అనుకుంటారు గానీ అది గుణించుకుంటూ పోతుంది. సైకిల్‌కి 95 శాతం అంటే ఐదు సైకిళ్లయ్యేసరికి చేతిలో మిగిలేది 77 శాతం. 98 శాతం అయితే పది సైకిళ్లకు 82. తగ్గినప్పుడల్లా కొత్త లిక్విడ్ పోసి సరిచేస్తూ దాన్ని పేపర్‌లో రాయని వాళ్లున్నారు. మీరు పోస్తే పోశానని రాయండి.

సరే, ఇప్పుడు దారి సంగతి. ప్రోడక్ట్ సాల్వెంట్ అక్కర్లేకుండా బయటికొచ్చే దారులు కొన్నే ఉన్నాయి. తనంతట తాను పొరగా విడిపోవాలి, లేదా గట్టిపడి ఫిల్టర్‌లో నిలవాలి, లేదా తానే ఎగిరి డిస్టిల్ అవ్వాలి.

పొరగా విడిపోయేదానికి నాకు నచ్చిన ఉదాహరణ ఎస్టరిఫికేషన్. బీమిమ్ హైడ్రోజన్ సల్ఫేట్ లాంటి ఆమ్ల గుణమున్న లిక్విడ్‌లో ఆసిడ్, ఆల్కహాల్ వేసి వేడి చేస్తారు. మొదట అంతా ఒకటే ద్రావణంగా ఉంటుంది. ఎస్టర్ తయారవుతున్న కొద్దీ కలవడం మానేసి పైకి తేలుతుంది. ఫ్లాస్క్‌లో చూస్తుండగానే మధ్యలో గీత పడుతుంది. స్టిర్రింగ్ ఆపి పై పొరను వంచేసుకుంటే చాలు. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో చేస్తే న్యూట్రలైజ్ చేయాలి, ఉప్పు నీళ్లు పారబోయాలి. ఇక్కడ కేటలిస్టూ సాల్వెంటూ కింది పొరలోనే ఉండిపోతాయి. ఎస్టర్ తేలడం వల్ల ఈక్విలిబ్రియం కూడా మనవైపు కదులుతుంది. చిక్కు ఒక్కటే: పుట్టిన నీళ్లు కింది పొరలో చేరతాయి. వాటిని తీయకుండా మళ్లీ వాడితే ఆమ్ల బలం తగ్గుతుంది, ఈక్విలిబ్రియం వెనక్కి తన్నుతుంది. మూడో సైకిల్‌కి యీల్డ్ పడిపోయిందని కంగారు పడేవాళ్లు ముందు చూడాల్సింది ఈ నీళ్లనే.

ఇదే సూత్రం పరిశ్రమలో ఎంత గట్టిగా పనిచేసిందో బీఏఎస్ఎఫ్ వారి బేసిల్ ప్రాసెస్ చూస్తే తెలుస్తుంది. ఆల్కాక్సీఫినైల్‌ఫాస్ఫీన్లు తయారుచేసేటప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది, దాన్ని పట్టుకోవడానికి బేస్ కావాలి. ట్రైఇథైల్అమీన్ లాంటి బేస్ వేస్తే దాని హైడ్రోక్లోరైడ్ గట్టి పొడిగా దిగి రియాక్టర్ అంతా బురద అయ్యేది. స్టిర్ చేయడం, ఫిల్టర్ చేయడం నరకం. 2002లో దాని బదులు 1-మిథైల్‌ఇమిడజోల్ పెట్టారు. దాని హైడ్రోక్లోరైడ్ 75 డిగ్రీలకే కరుగుతుంది. రియాక్షన్ అంతకు కొంచెం పైన నడిపితే గట్టి పొడి ఉండదు, పైన ప్రోడక్ట్, కింద అయానిక్ లిక్విడ్, రెండూ తేటగా. పైగా మిథైల్‌ఇమిడజోల్ రియాక్షన్‌ను వేగిరపరుస్తుంది కూడా. యీల్డ్ 50 శాతం నుంచి 98కి లేచింది, గంటకు ఘనమీటరుకి 8 కిలోలు వచ్చే చోట చిన్న జెట్ రియాక్టర్‌లో 6,90,000 కిలోల స్థాయి వచ్చింది. తర్వాత కింది పొరకు కాస్టిక్ సోడా వేసి మిథైల్‌ఇమిడజోల్‌ను తిరిగి తీసుకుంటారు. ఉప్పు నీళ్లు మాత్రం మిగులుతాయి, అది తప్పదు. గమనించారా, ఇక్కడ ఎవరూ అయానిక్ లిక్విడ్‌ను కొని తెచ్చి సాల్వెంట్‌గా పోయలేదు. వదిలించుకోవాల్సిన ఉప్పునే ద్రవంగా మార్చుకున్నారు. ఈ రంగంలో ఇంతకన్నా తెలివైన పని నేను చూడలేదు.

పెలేడియం కేటలిస్ట్‌తో చేసే హెక్ రియాక్షన్‌కి మూడు పొరల పద్ధతి ఉంది. బీమిమ్ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీటిలోనూ కలవదు, హెక్సేన్ లాంటివాటిలోనూ కలవదు, రెండింటికన్నా బరువు. రియాక్షన్ అయ్యాక నీళ్లు, హెక్సేన్ పోస్తే అడుగున కేటలిస్ట్‌తో అయానిక్ లిక్విడ్, మధ్యలో ఉప్పును తీసుకున్న నీరు, పైన ప్రోడక్ట్‌తో హెక్సేన్ నిలుస్తాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. అయితే హెక్సేన్ ఉంది కదా, దాన్ని లెక్కలో వేయాలి. పెలేడియం కొంత పై పొరలోకి జారుతుందేమో ఐసీపీలో (లోహం ఎంతుందో కొలిచే పరికరంలో) చూడాలి. రంగు లేదు కదా అని లోహం లేదనుకోవద్దు.

సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌తో (అధిక పీడనంలో సాల్వెంట్‌లా పనిచేసే వాయువుతో) తీయడం ఇంకో దారి. అది అయానిక్ లిక్విడ్‌లో బాగా కరుగుతుంది, అయానిక్ లిక్విడ్ మాత్రం దాంట్లో కరగదు. 1999లో నాఫ్తలీన్‌ను ఇలా మచ్చ లేకుండా బయటికి తీసి చూపించారు. అధిక పీడనం పరికరాలు ఉన్నవాళ్లకే ఇది.

మీ ప్రోడక్ట్ దగ్గరికి వద్దాం. బెంజైలిడీన్ మలోనోనైట్రైల్ ఘనపదార్థం, 83 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీటిలో కరగదు. బీమిమ్ బీఎఫ్4 నీటిలో పూర్తిగా కలుస్తుంది. అంటే ఈథర్ జోలికే పోకుండా చల్లటి నీళ్లు కొద్దిగా పోస్తే ప్రోడక్ట్ దిగిపోతుంది, ఫిల్టర్ చేసి, ఆ నీటిని ఆవిరి చేస్తే లిక్విడ్ తిరిగొస్తుంది. ఇది మంచి దారి. కానీ ఈ దారికి బీఎఫ్4 తట్టుకోదు. నీళ్లతో కలిపి వేడి చేస్తే అది నెమ్మదిగా విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ కూడా అంతే, 2003లోనే దీని మీద హెచ్చరిక వచ్చింది. గాజు ఫ్లాస్క్ లోపలి గోడ మసకబారిందంటే కారణం ఇదే కావచ్చు. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ రకమైతే ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్‌లో −144 పీపీఎం దగ్గర ఏడు గీతల గుంపు కాక వేరే సిగ్నల్స్ మొదలవడం దానికి సాక్ష్యం. హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఒంటికి తగిలితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర ఉంచుకోండి.

అలాంటప్పుడు బీఎఫ్4 స్థానంలో నీటికి భయపడని బిస్‌ట్రైఫ్లిమైడ్ అనే అయాన్ ఉన్న లిక్విడ్ వాడదామా అంటే, అది నీటికి తట్టుకుంటుంది, పలచగానూ ఉంటుంది, కానీ నీటిలో కలవదు కాబట్టి ఈ దారి మూసుకుపోతుంది. పైగా దాంట్లో ట్రైఫ్లోరోమిథైల్ గుంపులున్నాయి. ఓఈసీడీ 2021 నిర్వచనం ప్రకారం అది పీఫాస్ కోవలోకి వస్తుంది, అంటే ప్రకృతిలో విడిపోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయే రకం. కొత్తగా గ్రీన్ ప్రాసెస్ మొదలుపెడుతూ దాన్ని ఎంచుకోవడం నాకైతే సమంజసంగా తోచదు.

కేటయాన్ వైపు కూడా ఒక కిటుకు ఉంది. ఇమిడజోలియం రింగ్‌లో రెండు నైట్రోజన్ల మధ్య ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్ కొంచెం ఆమ్ల గుణం కలది. బేస్ ఉంటే అది ఊడి, ఆ కార్బన్ పోయి ఆల్డిహైడ్‌కి అతుక్కుంటుంది. బేలిస్–హిల్‌మన్ రియాక్షన్‌లో ఇమిడజోలియం ఇలా ఆల్డిహైడ్‌ను మింగేయడం వల్లే యీల్డ్ తగ్గుతోందని 2002లో బయటపడింది. మీ దగ్గర బేసూ ఉంది, ఆల్డిహైడూ ఉంది. వాడిన లిక్విడ్ ఎన్ఎంఆర్‌లో డీఎంఎస్ఓలో 9.1 దగ్గరి సిగ్నల్ ఇంటెగ్రేషన్ నైట్రోజన్ మీది మిథైల్‌తో పోలిస్తే తగ్గుతోందేమో చూడండి. మిథైల్ 3.85 దగ్గర ఉంటుంది, దాన్ని 3 అని పెట్టుకుంటే ఇది 1 రావాలి. 0.9 వచ్చిందంటే లిక్విడ్ నెమ్మదిగా మరొకటిగా మారుతోందని అర్థం. ఆ కార్బన్ మీద మిథైల్ పెట్టిన రకాల్లో ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు.

అందుకే మీ రియాక్షన్‌కి ఇమిడజోలియమే వద్దంటాను. అమీన్‌నూ ఆసిడ్‌నూ ఊరికే కలిపితే వచ్చే ప్రోటిక్ అయానిక్ లిక్విడ్లు ఉన్నాయి, ఉదాహరణకు హైడ్రాక్సీఇథైల్అమ్మోనియం ఎసిటేట్. తయారీలో వ్యర్థమే లేదు. బీమిమ్ బీఎఫ్4 చేయాలంటే ముందు మిథైల్‌ఇమిడజోల్‌ను క్లోరోబ్యూటేన్‌తో చాలాసేపు వేడి చేసి, తర్వాత సోడియం టెట్రాఫ్లోరోబొరేట్‌తో మార్పిడి చేసి, పుట్టిన సోడియం క్లోరైడ్‌ను వదిలించడానికి డైక్లోరోమీథేన్‌లో కరిగించి కడగాలి. నీటిలో కలిసే లిక్విడ్ కాబట్టి క్లోరైడ్ పూర్తిగా పోదు, సిల్వర్ నైట్రేట్ టెస్ట్‌లో మబ్బు కనిపిస్తూనే ఉంటుంది. ఆ డైక్లోరోమీథేన్ మీ ఈ-ఫ్యాక్టర్‌లోకి రాదు గానీ ఎక్కడో ఒకచోట ఎవరో పారబోశారు కదా.

ప్రోటిక్ రకంలో కేటలిస్ట్ గుణం లిక్విడ్‌కే ఉంటుంది, పైపెరిడీన్ అక్కర్లేదు. దీనికీ లోపాలున్నాయి. గట్టి వాక్యూమ్‌లో వేడి చేస్తే తిరిగి అమీన్, ఆసిడ్‌గా విడిపోయి కొంత ఎగిరిపోతుంది. ప్రైమరీ అమీన్ అయితే ఆల్డిహైడ్‌తో ఇమీన్ కడుతుంది, ఎక్కువ వేడి చేస్తే ఎసిటేట్‌తో అమైడ్ అవుతుంది. కాబట్టి ట్రైఇథనాల్అమీన్ లాంటి టెర్షియరీ అమీన్‌తో చేసినది వాడండి, ఆరబెట్టేటప్పుడు 50 డిగ్రీలు దాటకండి. కోలిన్ క్లోరైడ్, యూరియా 1:2 నిష్పత్తిలో కలిపితే వచ్చే డీప్ యూటెక్టిక్ కూడా ప్రయత్నించొచ్చు. 302 డిగ్రీలకు కరిగేదీ 133కి కరిగేదీ కలిసి 12 డిగ్రీల దగ్గర ద్రవం అవుతాయి. అచ్చంగా అయానిక్ లిక్విడ్ కాదు గానీ చౌక, విషగుణం తక్కువ. మరీ వేడి చేస్తే యూరియా విడిపోయి అమ్మోనియా వాసన మొదలవుతుంది.

నీళ్లు ఆవిరి చేయడం ఉచితం కాదని కూడా గుర్తుంచుకోండి. కిలో నీటికి సుమారు 2,260 కిలోజౌల్స్ కావాలి, ఇది ఈథర్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. అందుకే "కొద్దిగా" నీళ్లు అన్నాను. 2 మిల్లీలీటర్ల లిక్విడ్‌కి 4–5 మిల్లీలీటర్లతో ప్రోడక్ట్ దిగుతుంటే 50 పోయడం దండగ.

ఇవన్నీ చేసే ముందు ఇంకో ప్రయోగం ఉంది, దీన్ని చాలామంది చేయరు, చేసినా చెప్పరు. అయానిక్ లిక్విడ్ లేకుండా చేసి చూడండి. బెంజాల్డిహైడ్, మలోనోనైట్రైల్ జంట చాలా చురుకైనది, కేటలిస్ట్ లేకుండా ఊరికే నీళ్లలో స్టిర్ చేసినా గది ఉష్ణోగ్రత దగ్గరే కండెన్సేషన్ జరుగుతుంది, ప్రోడక్ట్ గట్టిపడి దిగుతుంది. ఇది చాలాకాలంగా తెలిసిన విషయమే. అలాంటప్పుడు అయానిక్ లిక్విడ్ ఎందుకో మీ పేపర్ జవాబు చెప్పాలి. నీళ్లలో ఒకటి, సాల్వెంటే లేకుండా ఒకటి, ఇథనాల్‌లో ఒకటి, అదే స్కేల్‌లో అదే టైమ్‌కి కంట్రోల్స్ పెట్టండి. ఇథైల్ సయనోఎసిటేట్ లాంటి కొంచెం మొండి సబ్‌స్ట్రేట్లతోనో, కీటోన్లతోనో అయానిక్ లిక్విడ్ స్పష్టమైన తేడా చూపిస్తే మీ కథ అక్కడుంది. మలోనోనైట్రైల్‌తో లేదు.

పెద్ద ప్లాంట్లలో ఇవి నిలబడ్డ చోట్లన్నీ చూస్తే అక్కడ వేరే దారి లేదు, లేదా ఉన్న దారి ప్రమాదకరం. షెవ్రాన్ తన సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో 2021లో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఆల్కైలేషన్ బదులు క్లోరోఅల్యూమినేట్ అయానిక్ లిక్విడ్ యూనిట్ నడపడం మొదలుపెట్టింది. అక్కడ గెలుపు ఈ-ఫ్యాక్టర్ గురించి కాదు, టన్నుల కొద్దీ హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ పక్కన మనుషులు పనిచేయనక్కర్లేకపోవడం గురించి. ఆ లిక్విడ్‌లో కూడా పాలిమర్ మురికి పేరుకుంటుంది, దాన్ని తీసి లిక్విడ్‌ను తిరిగి చురుగ్గా చేసే రీజెనరేషన్ భాగం ప్రాసెస్‌లోనే కలిసి ఉంది. ఈస్ట్‌మన్ కంపెనీ 1996 నుంచి 2004 దాకా ఫాస్ఫోనియం లిక్విడ్‌లో డైహైడ్రోఫ్యూరాన్ తయారుచేసింది. ప్రోడక్ట్ తేలిగ్గా డిస్టిల్ అయ్యే రకం కాబట్టి లిక్విడ్ రియాక్టర్ వైపే ఉండిపోయేది.

పేపర్‌లో ఏం రాయాలో అడిగారు కాబట్టి: ఈ-ఫ్యాక్టర్‌ను రెండు రకాలుగా ఇవ్వండి, వర్కప్ సాల్వెంట్ కలిపి ఒకటి, కలపకుండా ఒకటి. ఆరిన లిక్విడ్ తూకం, నీటి శాతం, సైకిల్ 1లోనూ 5లోనూ లిక్విడ్ ఎన్ఎంఆర్ పక్కపక్కన. మధ్య కన్వర్షన్ డేటా. "ఎగరదు కాబట్టి హాని లేదు" అన్న వాక్యం మాత్రం రాయొద్దు. గాలిలోకి పోదు గానీ సింక్‌లో పోస్తే నీటిలోకి పోతుంది, ఆల్కైల్ గొలుసు పొడుగయ్యే కొద్దీ నీటి జీవులకు విషగుణం పెరుగుతుంది. ఆక్టైల్ కంటే బ్యూటైల్ మేలు, గొలుసులో ఎస్టర్ బంధం ఉన్నవి బ్యాక్టీరియాకి ఇంకా తేలిగ్గా విడిపోతాయి.

చివరగా, గోధుమ రంగుకి తిరిగిన పాత లిక్విడ్ సంగతి. కొంచెం ఎసిటోనైట్రైల్‌లో పలుచన చేసి, యాక్టివేటెడ్ చార్‌కోల్‌తో కాసేపు వెచ్చగా కలిపి, తటస్థ అల్యూమినా చిన్న కాలమ్‌లోంచి పంపితే రంగు చాలావరకు పోతుంది. కానీ దీనికి మళ్లీ సాల్వెంట్ ఖర్చవుతుంది, కాబట్టి పది సైకిళ్లకు ఒకసారి చేస్తే లాభం, ప్రతిసారీ చేస్తే నష్టం. రంగు ఒక్కటే ఉంటే, ఎన్ఎంఆర్ శుభ్రంగా ఉండి వేగం తగ్గకపోతే, ముట్టుకోకుండా అలాగే వాడండి. పారేయాల్సి వస్తే ఫ్లోరిన్ ఉన్న రకాన్ని హాలోజన్ వేస్ట్ డబ్బాలో విడిగా పెట్టి, పైన పేరు పూర్తిగా రాయండి. కాల్చేచోట హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుందని వాళ్లకు తెలియాలి.